జెనీ మాట్లాడిన మనిషి

రాత్రంతా గూడ్సు బండి నడిపిన సత్యవేదం, బెంగాల్లోని తన రైల్వే క్వార్టరుకు చేరేసరికి వాకిట్లోకి ఎండ వచ్చేసింది. పదో తరగతి చదువుతున్న కూతురు జెనీ యూనిఫాం వేసుకుని వంటింట్లో టీ కాస్తోంది. భార్య ఎవాంజలిన్ నర్సు ఉద్యోగానికి మస్కట్ వెళ్ళినప్పటి నుంచి ఆ ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే. ఆయన డ్యూటీకి పోతే జెనీ ఒక్కతే.

బూట్లు విప్పుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు నుంచి ఒక ఫోటో. మొహం జెనీది. ఆ ఫోటో తండ్రి చూడాల్సింది కాదు. వెంటనే ఫోను బోర్లించాడు గానీ కింద హిందీలో ఉన్న ముక్క కంట పడనే పడింది: "నేను చెప్పినట్టు వినమను. లేకపోతే మీ చర్చి వాళ్ళందరికీ పంపుతాను."

"జెనీ!"

ఆ కేక విని పరుగున వచ్చిన పిల్ల, తండ్రి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటిది? ఎవడీడు?"

"అది నేను కాదు నాన్నా... మొహం ఒక్కటే నాది. మిగతాది వాడే అతికించినాడు."

"నీ మొహం వాడికెలా దొరికింది?"

"మామూలు ఫోటోలు పంపినాను. వైజాగ్‌లో కాలేజీ కుర్రాణ్ణన్నాడు. మొన్నటి నుంచి వీడియో కాల్లోకి రా, నేను చెప్పినట్టు చెయ్యి అంటన్నాడు. రానన్నాను. అందుకే ఇలాగ..."

"ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావా!" బల్ల మీదున్న ఆమె ఫోను తీసి గోడకేసి కొట్టబోయాడు. జెనీ ఆయన చెయ్యి పట్టుకుంది.

"పగలగొట్టకు నాన్నా. అందులోవన్నీ పోలీసులకి చూపించాలంట, మా స్కూల్లో చెప్పినారు. నన్ను కొట్టు. అమ్మకి మాత్రం చెప్పకు. ఉద్యోగం వదిలి వచ్చేస్తాది."

సత్యవేదం చెయ్యి దించాడు.

"అసలు వాడు నీకేటవుతాడే?"

"ఏటీ కాడు." పిల్ల వెక్కుతూ అంది. "రోజూ తిన్నావా అని అడిగేవాడు."

టీ పొంగి స్టవ్వు ఆరిపోయిన వాసన వస్తే సత్యవేదం వెళ్ళి గ్యాసు కట్టేశాడు.

ఆ పూటే వెళ్ళిన సైబర్ పోలీసు స్టేషన్‌లో ఒక బెంగాలీ ఎస్సై మేడమ్ జెనీకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. తర్వాత సత్యవేదంతో హిందీలో అంది: "ముందు ఒక మాట అన్నా. ఇందులో అమ్మాయి తప్పు లేదు. వాడు భయపెట్టినా లొంగలేదు చూడండి. వాడికి జవాబివ్వకండి, ఏం అడిగినా ఇవ్వకండి, ఏదీ చెరపకండి. ఆ అకౌంట్ మూయించే పని మేం చూస్తాం."

ఫిర్యాదు కోసం ఆ మెసేజులన్నీ మొదటి నుంచీ చూడాల్సి వచ్చింది. జెనీ అనుమతి అడిగి, సత్యవేదం పక్కన కూర్చుని చదివాడు. వాడి మాటలకంటే కూతురి మాటలే ఆయన్ను ఎక్కువ కోసేశాయి. లెక్కల్లో తప్పింది. పంటి నొప్పితో రాత్రి నిద్రపోలేదు. ఉరుము ఉరిమితే మంచం కింద దూరుతుంది. పుట్టినరోజున అమ్మ ఫోను కలవక ఒక్కతే కేకు ముక్క కొనుక్కుని తింది. తన ఇంట్లో ఇంత జరిగిందా! ఇదంతా ఊరూ పేరూ తెలియని ఒక దుర్మార్గుడికి తెలుసు. తనకు తెలియదు.

బయటికొచ్చాక ఆటో కోసం నిలబడ్డారు.

"అమ్మకి ఇద్దరం కలిసే చెబుదాం. నేను పక్కనుంటాను" అన్నాడు. జెనీ తలూపింది.

ఆయనే మళ్ళీ అడిగాడు: "ఇవన్నీ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబుదామనే ఉండేది నాన్నా. నువ్వు డ్యూటీ నుంచొచ్చి పడుకునీవోడివి. అలిసిపోయుంటావు కదా, లేపబుద్ధయ్యేది కాదు."

సత్యవేదం భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆటోలు హారన్లు కొడుతూ పోతున్నాయి. తండ్రి ఏడవడం జెనీ ఎప్పుడూ చూడలేదు. బెదురుగా దగ్గరికి జరిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"లేపు తల్లీ" అన్నాడాయన. "ఎంత నిద్రలో ఉన్నా లేపు."