చెరగని లైను

“మీ బావ ఇంకా స్పృహలోకి రాలేదు. కడుపులో బుల్లెట్. పది గంటలకి ఆపరేషన్,” అన్నాడు చీఫ్.

పిల్లి గడియారం వంక చూశాడు. అడుగుల చప్పుడు వినపడదని ఏజెన్సీలో అతనికా పేరు. బావ కూడా ఏజెంటే. విదేశీ ముఠాకి అమ్ముడుపోయిన మన మనిషెవరో తెలిసింది ఆయనొక్కడికే. ఆ పేరు చెప్పేలోపే కాల్చారు.

“తలుపు దగ్గర గార్డులున్నారుగా సార్?”

“ముఠా తలుపులోంచి రాదోయ్, కంప్యూటర్లోంచి వస్తుంది. ఆ హాస్పిటల్లో కాగితాల ఫైళ్లు తీసేశారు. ఎవరికి ఏ మందు పడదో అంతా స్క్రీన్ మీదే. డాక్టర్లందరూ చూడొచ్చు. మీ బావ రికార్డు మార్చాలంటే మాత్రం ఇప్పట్నుంచి నీ వేలిముద్ర పడాలి. లోపల మన నెమలి ఉంది, సాఫ్ట్‌వేర్ ట్రైనర్ వేషంలో. ‘లిఫ్ట్ ఎటు?’ అని అడుగు. ‘మెట్లే మేలు’ అంటుంది.”

ప్రింటర్లు రిపేరు చేసే మనిషిలా, స్క్రూడ్రైవర్ల పెట్టెతో, పిల్లి రిసెప్షన్ వెనక గదిలోకి వెళ్లాడు.

“లిఫ్ట్ ఎటండీ?”

“మెట్లే మేలు,” అంటూ నెమలి తలెత్తి నవ్వింది. అంతే, పిల్లిగారి ట్రైనింగంతా గంగలో కలిసింది.

“రికార్డుకి ఇంకో తాళం వేస్తాను. వేలు పెట్టండి.”

పెట్టాడు. స్క్రీన్ వంక చూశాడా? అబ్బే! ఆమె కళ్లవంక చూస్తున్నాడు, మహానుభావుడు!

ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్లో బావ చొక్కా. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

“ఆయనకేమన్నా అయితే నేను బతకను రా.”

“ఏం కాదక్కా.”

“ఆ ట్రైనరమ్మాయి బంగారం రా. బావకి పెన్సిలిన్ పడదని పొద్దున్నే నా కళ్ల ముందు టైప్ చేయించాను. ఇందాక మళ్లీ వచ్చి, ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా అని అడిగింది. నీకే చెప్పానమ్మా అన్నాను.”

మంచి కోరేదైతే డాక్టరుకి చెప్పమనాలి గానీ, ఎవరికి చెప్పారని ఆరా తీయడమెందుకు? పిల్లి ఏజెన్సీవాళ్లిచ్చిన చేతి వాచీ నొక్కాడు. బావ రికార్డు చిన్న తెర మీద వెలిగింది. పడని మందులు: ఏమీ లేవు.

తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాడు. మత్తిచ్చే డాక్టరమ్మ సిరంజిని సెలైన్ గొట్టానికి ఆనించి ఉంది.

“ఆపండి! అది పెన్సిలినేనా?”

“అవును. ఎవరు మీరు? పడని మందులేమీ లేవని స్క్రీన్ మీద ఉంది. బయటికి నడవండి!”

“పొద్దున ఏం రాశారో ఒక్కసారి చూడండి. మీ కాళ్లు పట్టుకుంటాను!”

ఆమె విసుక్కుంటూనే సిరంజి పక్కన పెట్టి కీబోర్డు నొక్కింది. రికార్డులో చేసిన మార్పులన్నీ తెరుచుకున్నాయి. పొద్దున రాసింది అలాగే ఉంది: పెన్సిలిన్ పడదు, ప్రాణాపాయం. దాని కిందే, దాన్ని కొట్టేసిన లైను. కొట్టేసింది ఎవరయ్యా అంటే, పిల్లి. వేలిముద్రతో సహా.

డాక్టరమ్మ ఆ సిరంజిని చెత్తబుట్టలో పడేసింది. వేరే మందు తెప్పించింది.

పిల్లి కేకేయగానే, నెమలిని గార్డులు లిఫ్టులో పట్టుకున్నారు. మెట్లే మేలని ఊళ్లోవాళ్లకి చెప్పడానికే కాబోలు!

సాయంత్రం బావ కళ్లు తెరిచి మొదట చెప్పిన పేరు నెమలిదే. అక్క ఆయన చెయ్యి వదల్లేదు, తమ్ముడి మొహం చూడలేదు. ఆ లైను ఆమెకూ చూపించారు. పిల్లికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాడు. “ఆ కింది లైను ఒక్కటి తీసేయడం కుదరదాండీ?”

“కుదరదు,” అంది ఆమె. “అందులో ఏదీ చెరపడం కుదరదు కాబట్టే మీ బావగారు బతికారు.”