వెలుతురుకు చేసిన సాయం

వంటింటి కిటికీలోంచి ఎండ బల్లమీదికి పాకేసరికి తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన గడియారాలు బాగుచేసి పేరు తెచ్చుకుని, దుకాణం మూసివేశాక కూడా ముందుగదిలో పనిబల్ల వేసుకున్న మనిషి. ఆమె సూది గుచ్చకుండా, వేలిగుండా వెలుతురును పంపి రక్తంలోని చక్కెరను కొలిచే పరికరానికి రూపకల్పన చేస్తున్న ఇంజనీరు. ప్రతి ఉదయం తండ్రి చూపుడువేలును దానిలో ఉంచి అంకె చూసేది; పిమ్మట సూదితో ఒక చుక్క తీసి సరిపోల్చేది. కొన్ని వారాలుగా ఆ రెండు అంకెలూ కవలల్లా ఉంటున్నాయి. ఈ ఫలితాలకు ఆసుపత్రి సమ్మతిస్తే పరికరం పరీక్షగా కొందరు రోగుల చేతికి వెళ్తుంది.

"చూశావా పిట్టా, మళ్ళీ కలిసింది" అన్నాడాయన.

అంకెలు కలిశాయి. కానీ రెండూ బాగా తక్కువగా ఉన్నాయి. ఆయన వేలు వణుకుతోంది, నుదుట చెమట పట్టింది. కూతురు కంగారుగా పంచదార నీళ్లు కలిపి తాగించింది. ఆయన కాస్త తేరుకునేలోగా ముందుగదిలోంచి తల్లి వచ్చింది. ఆమె చేతిలో ఒక భోజనం డబ్బా ఉంది.

"ఏమండీ, గడియారాలకు ఈమధ్య ఆకలేస్తోందా?"

ఆయన డబ్బాను చూసి, చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"చీమల బారు వెంట వెళ్తే మీ పనిబల్ల సొరుగు దగ్గర తేలాను. రాత్రి పని చేసుకుంటూ తింటానని పట్టుకెళ్ళిన భోజనం ఇది. మూత కూడా తియ్యలేదు." డబ్బాను కూతురి ముందు పెట్టింది. "నీ యంత్రం మాటేమో గానీ, మీ నాన్న పస్తులుంటున్నారు. చక్కెర జబ్బు మాత్రలు మాత్రం వేళ తప్పకుండా మింగుతున్నారు."

"నాన్నా, ఎందుకు?"

"చక్కెర పెరిగిన రోజునే నీ పెట్టె తప్పుతోంది. మొదటి వారంలో కనిపెట్టాను. తక్కువగా ఉంటే సరిగ్గా చూపిస్తోంది. అందుకని తగ్గించుకున్నాను. అంతే."

"అంటే ఈ ఫలితాలన్నీ..."

"అన్నీ నిజమైనవే. నేనేమీ దొంగలెక్క చెప్పలేదు."

కూతురు పరికరాన్ని పక్కకు జరిపింది. "ఇవి చూపించి ఒప్పించేదాన్ని. రేపు చక్కెర బాగా పెరిగిన మనిషికి ఇది తక్కువ చూపిస్తే, ఆ మనిషి ధీమాగా కూర్చుంటే, ఆ పాపం ఎవరిది నాన్నా?"

ఆయన తల దించుకున్నాడు. "అంత దూరం ఆలోచించలేదమ్మా. అది తప్పు చూపించిన రోజు నువ్వు భోజనం ముట్టలేదు. గదిలో దీపం వేసుకోకుండా కూర్చున్నావు. అది చూడలేకపోయాను."

"ఇద్దరికీ అలగడానికి నా వంటే దొరికింది" అంది తల్లి. ఆ మాటలో కోపం సగమే మిగిలింది.

కూతురు తండ్రి పక్కకు వచ్చి కూర్చుంది. "గడియారం వెనకబడిందని ఎవరైనా వస్తే మీరేం చేసేవారు?"

"విప్పి చూసేవాణ్ణి."

"దానికోసం సూర్యుణ్ణి కాసేపు ఆగమనేవారా?"

ఆయన పెదవులు కదిలాయి. నవ్వు మాత్రం కళ్లలోకి నీరుగా వచ్చింది. "ఆ పనే చేశానన్నమాట."

"అది తప్పే రోజునే నాన్నా, నాకు మీరు కావలసింది. ఎక్కడ తప్పుతోందో తెలియకపోతే ఎలా సరిచేస్తాను?"

ఆమె అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి, జరిగినది దాచకుండా చెప్పి గడువు అడిగింది. ఆయన ఆ రాత్రి భార్య కళ్లెదుట, ఆమె వడ్డించినదంతా తిన్నాడు.

మర్నాడు ఉదయం వెలుతురు ఒక అంకె చూపింది. రక్తపు చుక్క అంతకంటే చాలా పెద్ద అంకె చూపింది. కూతురు రెంటినీ చూసి నిట్టూర్చలేదు, కలం అందుకుంది. గడియారాల మనిషి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఎంత వెనకబడింది?"

"బాగానే, నాన్నా."

"మంచిది. దొరికింది కదా, ఇక దారికొస్తుంది."

తల్లి తడిచేతిని కొంగుతో తుడుచుకుని, తన వేలును బల్లమీద చాపింది. "నాకు ఆ జబ్బు లేదుగా, పనికిరానా? పెట్టు. సూది కూడా గుచ్చు. ఇంట్లో ఒక్కరికే ఎందుకు ఆ గొప్ప?"