దెయ్యానికో గడియారం

కార్మెలో జమిత్‌ను చంపినవాడు తొందరపడలేదు.

సిడ్నీ పడమటి వైపు పెండిల్ హిల్‌లో, సొంత ఇంటి గరాజ్‌లో, పనిబల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు ఆ డెబ్భై ఎనిమిదేళ్ళ గడియారాల మేస్త్రి. మెడ వెనక సూది గుచ్చిన చుక్క. పక్కన పళ్ళెంలో రెండు పాస్తిజ్జీలు, మన కర్రీ పఫ్‌కి మాల్టా చుట్టాలు. ఒకటి సగం కొరికి ఉంది. గోడ మీద గడియారాలన్నీ చక్కగా నడుస్తున్నాయి.

మూడో రోజు ఉదయం ఆస్ట్రేలియా గూఢచారి ఏజెన్సీలో ఏజెంట్ శేషగిరి కాన్‌బెర్రాలో ఉన్నాడు. హెడ్డాఫీసులో కాదు, హారిసన్‌లో చీఫ్ ద్వారకానాథ్ వంటింట్లో. ఆఫీసు గోడల కంటే చీఫ్‌కి తన ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోత మీద నమ్మకం ఎక్కువ. ఎంత పెద్ద ఆపరేషన్ అయినా అక్కడే, చాయ్ మరుగుతుండగా బ్రీఫింగ్.

విషయం ఇది. కార్మెలో మాల్టా దీవి రాజధాని వలెట్టా నుంచి వచ్చి యాభై ఏళ్ళు. పదకొండేళ్ళు కూర్చుని తన ఊరి నమూనా కట్టాడు. రేవు, కోట బురుజులు, చెక్క బాల్కనీలు, ముక్కు దగ్గర కళ్ళు దిద్దిన పడవలు, అన్నీ. ఆదివారం పెండిల్ హిల్ మాల్టీస్ హాల్‌లో దాని ప్రదర్శన. ప్రారంభించేది డాక్టర్ విద్యావతి. సిడ్నీ హార్బర్ అడుగున శత్రు సబ్‌మెరైన్లను పసిగట్టే సెన్సర్ల వ్యవస్థ ఆమె డిజైన్ చేసిందే. అందులో సగం ఇంకా కాగితం మీదకు రాలేదు, ఆమె తలలోనే ఉంది. ఆ తల ఉండకూడదని ‘నెప్ట్యూన్’ అనే విదేశీ ముఠా కోరిక. చాటుగా పట్టిన వాళ్ళ సందేశంలో దొరికింది రెండే మాటలు. నూన్ గన్.

“వలెట్టాల రోజూ పన్నెండింటికి ఫిరంగి పేలుస్తరు. ఆ బొమ్మల గూడ చిన్న ఫిరంగి ఉన్నది, మేడం చేత పేలిపిస్తరట,” అన్నాడు ద్వారకానాథ్. “పదకొండు యాభైకి నువ్వు ఆమెను బయటికి తీస్కపోవాలె. అప్పటిదాంక ముఠాల ఎవ్వడెవ్వడు వస్తడో చూడాలె.”

హాల్ అంతా నిన్ననే స్కాన్ చేశారట. ఏమీ దొరకలేదట. శేషగిరికి ఒక పెన్ను ఇచ్చాడు. మూత తిప్పితే చుట్టుపక్కల ఏ రిమోట్ సిగ్నలైనా ఆగిపోతుంది. చివర్లో ఒక ఫొటో బల్ల మీద పెట్టి, చాయ్ వడగట్టే పనిలో పడ్డాడు. మొహం చూడటం ఇష్టం లేకపోతే చీఫ్ చాయ్ వడగడతాడు.

ప్రదర్శన క్యూరేటర్ ఫొటో అది. పేరు మరేదో ఉంది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎర్ర స్కార్ఫు, ఖరీదైన నల్ల కోటు. ఎన్ని మార్చుకున్నా ఆ ఎడమ కనుబొమ్మ మీది మచ్చ మార్చుకోలేదు. మంగినపూడి బీచ్‌లో చిన్నప్పుడు పడి తగిలించుకున్న మచ్చ. శేషగిరి దాన్ని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకున్నాడో లెక్కలేదు.

శ్యామసుందరి. అతని భార్య.

కోటల చరిత్ర ఆమె చదువు. అదే కవర్‌గా ఇద్దరినీ నాలుగేళ్ళు వలెట్టాలో ఉంచింది ఏజెన్సీ. అద్దె ఇంటి కిటికీకి ఎదురుగా చర్చి, దానికి రెండు గడియారాలు. మాల్టాలో చాలా చర్చిలకు అంతే. ఒకటి సరైన టైము చూపిస్తుంది, రెండోది కావాలనే తప్పు చూపిస్తుంది. ప్రార్థన వేళ ఎప్పుడో దెయ్యానికి తెలియకూడదని. వాళ్ళ కిటికీలోంచి కుడిది నిజం, ఎడమది అబద్ధం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గూఢచారులైన ఇంట్లో ఏ మాట నమ్మాలో తెలీక రోజూ తగవులే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. అనుమానం వస్తే “ఏ గడియారం?” అని అడగాలి. కుడిది అంటే నిజం. ఎడమది అంటే అబద్ధం. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం అబద్ధం చెప్పకూడదు.

మూడేళ్ళ క్రితం ఒక ఉదయం ఆమె లేదు. సేఫ్‌లో ఫైలు లేదు. నెప్ట్యూన్ మనిషి వోస్‌తో పడవెక్కిందని పక్కింటివాళ్ళు చెప్పారు. మేజా మీద చీటీ. “నిన్నెప్పుడూ ప్రేమించలేదు.” ఏ గడియారం అని అడగడానికి ఎదురుగా మనిషి లేదు.

సిడ్నీలో టూంగాబీ వచ్చి అందరికీ విడాకులని చెప్పాడు. తెలుగు సంఘం పిక్నిక్కుల్లో ఆంటీలు జాలిపడ్డారు. అతను బార్బీ అనే నిప్పుల పొయ్యి దగ్గర నిలబడి మొక్కజొన్న కండెలు కాలుస్తూ, పొగకే కళ్ళు మండుతున్నట్టు నటించాడు. ఆ నటన మాత్రం ఎవరినీ మోసం చేయలేదు.

ఆదివారం పదకొండున్నరకు హాల్ నిండుగా ఉంది. మాల్టా పెద్దవాళ్ళు కుర్చీల్లో, టీ, పాస్తిజ్జీలు, పలకరింపులు. శేషగిరి హై-విజ్ జాకెట్ వేసుకుని ఏసీ మెకానిక్‌గా నిచ్చెన పట్టుకుని తిరుగుతున్నాడు. ఆస్ట్రేలియాలో ఆ పసుప్పచ్చ జాకెట్ వేసుకున్నవాణ్ణి ఎవరూ ఎక్కడికని అడగరు. అతికించిన గడ్డం దురద పెడుతోంది. బయట వ్యాన్‌లో బాంబుల నిపుణురాలు శ్రావ్య. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగులో చెప్తే ఇంగ్లీషులో జవాబిస్తుంది. ప్రమాదానికి కోడ్ ‘లీక్’.

నమూనా ముందు విద్యావతి నిలబడి ఉంది. ఆమెకు రెండడుగుల దూరంలో బూడిదరంగు సూటులో వోస్, విరాళాలిచ్చే పెద్దమనిషిలా చిరునవ్వుతో.

శ్యామసుందరి చరిత్ర చెప్తోంది. 1565లో పెద్ద సైన్యం ఓడల్లో వచ్చి రేవును ముట్టడిస్తే, లోపలివాళ్ళు నీళ్ళకు అడ్డంగా ఇనుప గొలుసు కట్టి నిలబడ్డారు. గెలిచాక, మళ్ళీ ఎవరూ రాకుండా కొత్త కోట నగరం కట్టి, తమ నాయకుడి పేరు పెట్టుకున్నారు. అదే వలెట్టా. ఆ గొంతు వింటుంటే శేషగిరికి నిచ్చెన బరువు తెలియలేదు. పగవాళ్ళ మనిషి గొంతు అంత హాయిగా ఉండకూడదు.

“తెలుగమ్మాయిలాగున్నావే. ఏ ఊరమ్మా మీది?” అని విద్యావతి కాకినాడ యాసలో అడిగింది.

“బందరండీ,” అంది శ్యామసుందరి. వోస్ చిరునవ్వు మారకుండా, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే మాట్లాడుకుందామన్నాడు. ఆమె తల ఊపి, నమూనాలోని చర్చి వైపు తిరిగింది.

రెండు గంట గోపురాలు, రెండు గడియారాలు. దెయ్యం కథ చెప్పింది. జనం నవ్వారు. మేస్త్రి పోయినప్పటి నుంచీ రెండూ ఆగి ఉన్నాయట. ఈ ఉదయం కొత్త రిపేరు మనిషి వచ్చి కుడి గడియారాన్ని తన వాచీ చూసి సరిపెట్టి, కీ ఇచ్చాడట. ఎడమదాన్ని మాత్రం చూసుకోలేదట.

“కార్మెలో లోపల చక్రాలే అలా అమర్చాడు,” అంది ఆమె ఇంగ్లీషులో, చాలా మామూలుగా. “కుడిది ఎప్పుడు పెట్టినా, ఎడమది ఇరవై నిమిషాలు ముందుంటుంది. ఎడమది పన్నెండు కొట్టేటప్పుడు ఇక్కడ దెయ్యం తప్ప ఎవరూ ఉండకూడదని మాల్టా ముసలమ్మలు చెప్తారు.”

అలాంటి మాట ఏ ముసలమ్మా చెప్పగా శేషగిరి వినలేదు. నాలుగేళ్ళు అక్కడున్నాడు.

కుడి గడియారం పదకొండు ముప్ఫై ఆరు. ఎడమది పన్నెండుకు నాలుగు నిమిషాలు తక్కువ. కార్మెలోను చంపింది ఆ రిపేరు మనిషికి దారి చెయ్యడానికే. స్కాన్ అయ్యాక, ఈ పొద్దున బాంబును వాడే తెచ్చాడు. మధ్యాహ్నం పన్నెండుకు పేలాలని తీగ గడియారానికే కట్టాడు. దెయ్యం సంగతి తెలీక, ఫిరంగికి దగ్గరగా ఉన్న ఎడమదానికి కట్టాడు. వోస్‌కి కూడా తెలీదు. తెలిస్తే అక్కడ నిలబడి నవ్వుతుండేవాడు కాదు.

లేదా ఇదంతా ఆమె ఎర. అతను చర్చి దగ్గరికి పరిగెడితే, విద్యావతి ఒంటరిగా వోస్ పక్కన మిగులుతుంది. ఒకసారి ఈ మనిషినే నమ్మాడు.

శేషగిరి చెయ్యెత్తాడు. ఆస్ట్రేలియా యాసలో, మెకానిక్ సందేహంలా అడిగాడు. “మేడమ్, ఇప్పుడు మీరు చెప్పిన కథ, ఏ గడియారం ప్రకారం?”

ఆమె అతని వైపు చూసింది. గడ్డాన్ని దాటి చూసింది.

“కుడిది, సర్,” అంది.

ఆ మాట ఒక్కటే అయితే అతను నమ్మేవాడు కాదేమో. ఉక్కపోతగా ఉన్నట్టు ఆమె స్కార్ఫు కాస్త సడలించింది. లోపల, కోటు కాలరు కింద, సూత్రాల గొలుసు. దానికి మామూలుగా వేలాడే పిన్నీసు. మన ఆడవాళ్ళు ఏ క్షణాన ఏ చీర కుచ్చిళ్ళు జారతాయో అని గొలుసుకు తగిలించుకునే పిన్నీసు. ఆ గొలుసు అతను తెనాలిలో, పెళ్ళిపీటల మీద వేసింది. ఆమె పిన్నీసు తీసి, స్కార్ఫు సర్దుకుంటున్నట్టుగా చర్చి పక్కన గట్టు మీద వదిలేసి, జనాన్ని రెండో బల్ల వైపు నడిపించింది. వోస్ కూడా కదిలాడు. విద్యావతి మాత్రం పడవల కళ్ళు చూస్తూ అక్కడే ఉండిపోయింది.

శేషగిరి పెన్ను మూత తిప్పాడు. ఏమీ కాలేదు. కీ ఇస్తే తిరిగే స్ప్రింగు గడియారానికి సిగ్నలెక్కడిది? ఏజెన్సీ ఆర్నెల్లు తయారుచేసిన పెన్ను రాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఎడమ గడియారం పన్నెండుకు ఒక నిమిషం. నిచ్చెన చర్చి పక్కన నిలబెట్టి, పైనున్న ఏసీ కోసం పనిముట్లు వెతుకుతున్నట్టు వంగి, గోపురం వెనక తలుపు తెరిచాడు. పళ్ళచక్రాలు, ఇత్తడి ముల్లు, దానికి అరంగుళం దూరంలో రాగి తీగ. గట్టు మీంచి పిన్నీసు అందుకున్నాడు. దాన్ని విప్పి రెండు చక్రాల మధ్య గుచ్చాడు.

టక్కుమని ఆగింది. ముల్లుకీ తీగకీ మధ్య ఒక వెంట్రుక పట్టేంత సందు.

“లీక్,” అన్నాడు కాలర్ మైకులో. “ఏసీ లీక్. అందర్నీ బయటికి పంపాలి.”

“కాపీ దట్. త్రీ మినిట్స్,” అంది శ్రావ్య.

మాల్టా పెద్దలు టీ కప్పులతో సహా, గొణుక్కుంటూ పార్కింగ్‌లోకి నడిచారు. నిచ్చెన భుజాన వేసుకుని, విద్యావతిని శేషగిరే చెయ్యి పట్టి వ్యాన్ దాకా తీసుకెళ్ళాడు. అసలైన పన్నెండు అయింది. ఏమీ పేలలేదు. కార్ల మధ్య నిలబడి వోస్ వాచీ చూసుకున్నాడు. ముసలాడి చెత్త గడియారం మొరాయించిందని అనుకున్నట్టుంది, శ్యామసుందరి మోచెయ్యి పట్టి కారు వైపు లాగాడు. శేషగిరి చెయ్యి జాకెట్‌లోని పిస్టల్ మీద పడింది.

చెవిలో ద్వారకానాథ్ గొంతు. “వదిలెయ్. వాని మీదోళ్ళు ఎవరో ఇంకా తెల్వదు. ఆమె పోవాలె.”

“ఆమె మన మనిషా సార్?”

“మొదటి నుంచి.”

“ఆ ఫైలు?”

“నేనే రాయించిన. అంతా ఉత్తదే.”

శేషగిరి పిస్టల్ మీంచి చెయ్యి తీశాడు. “మూడేళ్ళు సార్. నాకొక్క మాట చెప్పలేదు.”

“చెప్తే నీ ఏడుపు ఎవ్వడు నమ్ముతుండె? వాళ్ళు ఏడాది దాంక నిన్ను చూసిన్రు శేషగిరీ. నువ్వు నిజంగ ఏడిస్తేనే ఆమె బతికింది.”

అంటే అతను బార్బీ పొగలో తుడుచుకున్న కన్నీళ్ళు కూడా ఏజెన్సీ సామానే. చీఫ్‌ని చంపాలన్నంత కోపం వచ్చింది. చీఫ్ అన్నది నిజమని తెలిసి ఆ కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు.

కారు వైపు వెళ్ళే దారి అతని నిచ్చెన పక్క నుంచే. వోస్ రెండడుగులు ముందున్నాడు. ఆమె ఆగలేదు, తల తిప్పలేదు. దాటిపోతూ, పెదవులు కదిలీ కదలనట్టు, తెలుగులో ఒక్క మాట అంది.

“ఎడమది.”

మూడేళ్ళుగా అతను ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్నకు జవాబది. చీటీలోని ఆ ఒక్క వాక్యానికి. కారు తలుపు మూసుకుంది. శేషగిరి ఏసీ మెకానిక్ కాబట్టి, మెకానిక్ ఏడవకూడదు కాబట్టి, నిచ్చెన మడిచి వ్యాన్‌లో పెట్టాడు. బాంబు విప్పాక పిన్నీసును శ్రావ్య ఎవిడెన్స్ కవర్లో వేయబోయి, అతని మొహం చూసి వెనక్కిచ్చేసింది.

వారం తర్వాత శనివారం ఉదయం టూంగాబీలో పక్కవీధి ఉదయలక్ష్మి ఆంటీ పులిహోర డబ్బాతో వచ్చింది. హాల్లో గోడ మీద కొత్తగా రెండు గడియారాలు చూసి ఆగింది.

“ఎడమది ఇరవై నిమిషాలు ముందుందేంటి నాయనా? చూసుకోలేదా?”

“కావాలనే పెట్టానాంటీ. దెయ్యాన్ని ఏమార్చడానికి.”

“దెయ్యానికైతే గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకోవాలి గానీ గడియారాలేంటి? ఒంటరిగా ఉండీ ఉండీ ఇట్టాగైపోతున్నావు.” ఆంటీ నిట్టూర్చింది. “ఆ శ్యామ మంచిది కాదురా. ఇకనైనా మర్చిపో.”

శేషగిరి ఎడమ గడియారం వైపే చూస్తూ, “అవునాంటీ, మంచిది కాదు. ఎప్పుడో మర్చిపోయాను,” అన్నాడు. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ నీళ్ళు మరిగి సగమయ్యేదాకా నిలబడ్డాడు.

కప్పులతో తిరిగొచ్చేసరికి ఆంటీ కుర్చీ దిగుతోంది. అతనికి సాయం చేద్దామని ఎడమ గడియారాన్ని సరిచేసి పెట్టింది. ఇప్పుడు రెండూ ఒకే టైము చూపిస్తున్నాయి.

పులిహోర చాలా బాగుందని చెప్పి ఆంటీని పంపించాడు శేషగిరి. సాయంత్రం దాకా ఆ రెండు నిజాల కింద కూర్చుని, ఆ తర్వాత లేచి, ఎడమదాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పాడు.