ఆంబో జెండా ఎక్కడ?

"జెండా దొరికింది! ఆట అయిపోయింది!"

సేలింగ్ అరుపుకి బల్ల కింద పడుకున్న పిల్లి ఉలిక్కిపడి లేచి పారిపోయింది.

ఆంబో తన పావుల వంక చూస్తూ ఉండిపోయాడు. ఈసారి జెండాని మూలన పెట్టలేదు వాడు. ముందు వరసలో, సిపాయిల మధ్య దాచాడు. అక్కడ ఎవరైనా వెతుకుతారా? సేలింగ్ వెతకను కూడా వెతకలేదు. తిన్నగా వచ్చి ఎగరేసుకుపోయింది.

"నీ బుర్రలో ఏముందో నాకు అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుందిరా," అంది గొప్పగా.

బయట వాన దంచికొడుతోంది. రేడియోలో రెండో నంబరు తుఫాను హెచ్చరిక చెప్పారు. బడికి సెలవు. రేవులో ఓడలన్నీ కట్టేసి ఉన్నాయి.

ఆ రోజుల్లో ఆ రేవు వీధి మొత్తానికి టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. వానలు మొదలయ్యాయంటే పిల్లలకి జనరల్స్ ఆటే లోకం. ఇద్దరికీ చెరో సైన్యం. జనరల్ నుంచి సిపాయి దాకా పావులన్నీ వరసగా నిలబడతాయి. వాటి మొహం మనవైపు, వీపు ఎదుటివాళ్ళవైపు. ఎవరి జెండా ఎక్కడ దాక్కుందో, దాని పక్కన కాపలా ఎవరో అవతలివాళ్ళకి తెలియదు, ఇద్దరివీ చూసే రెఫరీకి తప్ప. రెండు పావులు ఎదురుపడితే రెఫరీ రెండింటి మొహాలూ చూసి, చిన్నదాన్ని తీసి పక్కన పెడతాడు. ఏది ఏదో మాత్రం చచ్చినా చెప్పకూడదు. జెండా పోతే ఆట పోయినట్టే.

రెఫరీ ఎవరంటే సేలింగ్ తమ్ముడు ఇంగో. ఏడేళ్ళవాడు. మామూలప్పుడు వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అక్క సిరా సీసా పగలగొట్టిందని అమ్మకి చెప్పేది వాడే, అమ్మ చాక్లెట్ ఎక్కడ దాచిందో అక్కకి చెప్పేదీ వాడే. కానీ నాన్న పాత టోపీ పెట్టుకుని రెఫరీగా కూర్చుంటే మాత్రం మూతి బిగించేస్తాడు. పెద్ద జడ్జిగారిలా ఉంటాడు. ఆ ఉద్యోగమంటే వాడికి ప్రాణం.

"ఇది నిజమైన గెలుపు కాదు," అన్నాడు ఆంబో హఠాత్తుగా. "నీ తమ్ముడే నీకు చెప్పేస్తున్నాడు. వాడు దొంగ రెఫరీ!"

"నేను చెప్పలేదు!" ఇంగో లేచి నిలబడ్డాడు.

"మరి ప్రతిసారీ తిన్నగా జెండా దగ్గరికే ఎలా వస్తుంది? ఇక నాకు ఈ రెఫరీ వద్దు. ఆటా వద్దు."

ఆంబో పావులన్నీ పెట్టెలోకి ఊడ్చేసి, బోర్డు చొక్కా కింద దాచుకుని వానలో పరిగెత్తాడు.

వాడి ఉక్రోషానికి ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ళ నాన్నకి లైట్‌హౌస్‌లో ఉద్యోగం. ఆయన్ని రొంబ్లోన్ దీవికి బదిలీ చేశారు. సముద్రం శాంతించగానే మొదటి ఓడకే వాళ్ళు వెళ్ళిపోతారు. వెళ్ళేలోగా సేలింగ్‌ని ఒక్కసారైనా ఓడించాలని వాడి పంతం.

ఇంగో మళ్ళీ కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. 

"అక్కా, నేను చెప్పలేదని నువ్వు ఆంబో అన్నకి చెప్పలేదేం?"

సేలింగ్ వాడి వంక చూడకుండా, పిల్లిని వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగింది.

ఎందుకంటే ఆమెకి అసలు సంగతి తెలుసు. ఇంగో నోరు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. చెప్పింది వాడి కాలివేళ్ళు. బల్ల మీంచి కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాడు కదా, ఆమె చెయ్యి ఆంబో జెండాకి దగ్గరైతే చాలు, ఆ వేళ్ళు రొయ్యల్లా ముడుచుకుపోయేవి. ఆ సంగతి వాడికే తెలియదు. మొదట్లో సేలింగ్‌కీ తెలియదు. ఒకరోజు చూసింది. ఆ తర్వాత బోర్డు చూడటం మానేసి కాళ్ళే చూసింది.

సాయంత్రం అమ్మ ఎండుచేపలు వేయిస్తూ అడిగింది. "వాడేంటే, అలా మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు?"

"ఏమో, నాకేం తెలుసు," అంది సేలింగ్. చేపంటే పడిచచ్చే పిల్ల ఆ పూట ముల్లు కూడా ముట్టలేదు.

మర్నాడు పొద్దున చూస్తే ఇంగో ఇంట్లో లేడు. సేలింగ్ గొడుగు తీసుకుని వీధిలోకి పరిగెత్తింది. ఆంబో వాళ్ళింటి వసారాలో కనిపించాడు ఇంగో. నెత్తిన నాన్న టోపీ. మూతికి అడ్డంగా అమ్మ తువ్వాలు. మెడ వెనక రెండు ముళ్ళు వేసుకున్నాడు. సినిమాలో దొంగలా ఉన్నాడు. ఆంబో వాణ్ణి చూసి పడీపడీ నవ్వుతున్నాడు.

"మ్మ్... మ్మ్..." అన్నాడు ఇంగో. ఆంబో తువ్వాలు కిందికి లాగాడు. "ఇలా కట్టుకుని కూర్చుంటాను అన్నా! ఇక ఎలా చెప్తాను? నన్నే రెఫరీగా ఉంచండి. ప్లీజ్ అన్నా!"

సేలింగ్‌కి ఏడుపు వచ్చేసింది. తప్పు చేసింది తను. మూతికి గుడ్డ కట్టుకున్నది వాడు.

"ఇంగో, ఆ తువ్వాలు తీసేయ్," అంది. "ఆంబో, నీతో మాట్లాడాలి. వాడు చెప్పలేదు. నేనే చూశాను."

"ఏం చూశావ్?"

"వాడి కాళ్ళు. నా చెయ్యి నీ జెండా దగ్గరికి వెళ్తే వాడి వేళ్ళు ముడుచుకుంటాయి. వాడికి తెలీకుండానే. తెలిశాక కూడా నేను చూస్తూనే ఉన్నాను."

ఇంగో వంగి తన కాళ్ళ వంక అనుమానంగా చూసుకున్నాడు. ఆంబో మాత్రం నవ్వలేదు.

"అంటే నా బోర్డు నువ్వు చూడనే లేదా?"

"లేదు."

"నేను రోజుకో రకంగా పేర్చాను సేలింగ్. అన్నం తింటూ కూడా అదే ఆలోచన. కంచంలో వేలితో గీసుకుంటుంటే మా అమ్మ తిట్టేది. ఒక్కటి కూడా చూడలేదా?"

వాడు తనని తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సేలింగ్‌కి. గెలిచినన్ని రోజులూ ఏం పోగొట్టుకుందో ఆమెకి అప్పుడే తెలిసింది.

"ఇప్పుడు చూస్తాను," అంది. "ఒక్క ఆట. ఇంగో నా వెనక కూర్చుంటాడు. నాకు వాడి కాళ్ళు కనిపించవు."

 ఆంబో లోపలికి వెళ్ళి, సర్దేసిన సామాన్లలోంచి బోర్డు తీసుకొచ్చాడు.

ఇంగో ఆంబో వెనక్కి వెళ్ళి పావులన్నీ చూశాడు. తర్వాత వచ్చి సేలింగ్ వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. టోపీ సర్దుకున్నాడు.

ఆట మొదలైంది. సేలింగ్ మొదటిసారి ఆంబో సైన్యం వంక చూసింది. నిజంగా చూసింది. ఎడమ మూలన ఒక పావు అసలు కదలడం లేదు. దాని చుట్టూ మూడు పావులు కోటలా నిలబడ్డాయి. కుడివైపు ఒకటి ఒంటరిగా తిరుగుతోంది. ఎదురొస్తే వెనక్కి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఎంత తెలివిగా పేర్చాడు! ఇన్నాళ్ళూ ఇదంతా తన కళ్ళ ముందే ఉంది.

ఆమె ఆడుతూ ఆలోచించింది. ఆలోచిస్తూ గోళ్ళు కొరికింది. అంత కాపలా పెట్టాడంటే జెండా ఎడమ మూలనే ఉంటుంది. ఆ లెక్క కుదిరింది. కానీ ఏదో అనుమానం. చెయ్యి కుడివైపు, ఒంటరి పావుకి ఎదురుగా ఉన్న తన జనరల్ మీదికి వెళ్ళింది.

వెనక ఇంగో ఊపిరి ఆగిపోయింది.

ఇప్పటిదాకా ఆమె మెడ మీద వెచ్చగా తగులుతున్న ఊపిరి ఒక్కసారిగా లేకుండా పోయింది. జెండా అదే. సేలింగ్‌కి తెలిసిపోయింది. ఒక్క ఎత్తు చాలు. ఆంబో కళ్ళార్పకుండా బోర్డునే చూస్తున్నాడు. వాడికేమీ వినబడలేదు.

ఎవరికీ తెలియదు. ఇంగోకి కూడా.

సేలింగ్ చెయ్యి వెనక్కి తీసుకుంది. జనరల్‌ని వదిలేసి, ఎడమవైపు ఉన్న తన కల్నల్‌ని కోట మీదికి నడిపింది.

ఇంగో లేచి వచ్చి రెండు పావులూ చూసి, సేలింగ్ కల్నల్‌ని తీసి పక్కన పెట్టాడు. కోటలో ఉన్నది గూఢచారి. సిపాయి తప్ప ఎంత పెద్ద అధికారి ఎదురొచ్చినా గూఢచారిదే గెలుపు. ఆ తర్వాత కాసేపటికే ఆంబో సైన్యం ఆమె జెండా మీద పడింది.

"గెలిచాను!" ఆంబో వానలోకి దూకి గిరగిరా తిరిగాడు. "అమ్మా! సేలింగ్‌ని ఓడించాను!"

ముద్దగా తడిసి వచ్చి బోర్డు ముందు కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది, తన పావులన్నీ ఒక్కొక్కటిగా సేలింగ్ వైపు తిప్పాడు. "ఇదిగో, జెండా ఇక్కడ. కోటంతా ఉత్తుత్తిదే! నీ చెయ్యి ఇటు వచ్చినప్పుడు నా పని అయిపోయిందనుకున్నా. ఎందుకు తీసేశావ్?"

"నా లెక్కకి ఎడమవైపే అనిపించింది. నీ కోట నమ్మేశాను," అంది సేలింగ్. "భలే మోసం చేశావురా."

ఆంబో మొహం వెలిగిపోయింది. ఏ పావు ఎందుకు ఎక్కడ పెట్టాడో ఆపకుండా చెప్పుకుపోయాడు. ఆమె అన్నీ వింది.

ఇంగో అక్క భుజం మీద తట్టాడు. "ఈసారి నేను చెప్పలేదు కదక్కా?"

"నువ్వు ఎప్పుడూ చెప్పలేదురా," అంది సేలింగ్, వాణ్ణి దగ్గరికి లాక్కుని.

బయట వాన సన్నబడుతోంది. రేపో ఎల్లుండో ఓడలు కదులుతాయి. సేలింగ్ తన పావులు మళ్ళీ వరసగా నిలబెట్టింది.

"ఆంబో, ఇంకో ఆట. ఇంకా బాగా దాచు. ఈసారి నేనే వెతుక్కుంటాను."