ఏమీ అడగనివారికే కనిపించే చిరునామా

2086 నాటికి జనం ఈమెయిల్ చిరునామాను నగల కన్నా భద్రంగా దాచుకుంటున్నారు. వెబ్‌సైట్‌లో పెట్టిన నిమిషానికే గాలింపు యంత్రాలు దాన్ని ఏరుకుపోయేవి. సాయంత్రానికి పెట్టె నిండా స్పామ్. ఎట్ గుర్తును అక్షరాల్లో రాసి చూశారు. చిరునామాను బొమ్మగా పెట్టి చూశారు. లెక్క చేస్తేనే కనిపించేలా చేశారు. యంత్రాలు అన్నీ నేర్చేసుకున్నాయి. వాటికి చేతకానిచోట కంపెనీలు మనుషుల్నే కూలికి పెట్టి ఏరించాయి.

దానికి విరుగుడుగా కాకినాడలో డాక్టర్ వారిజాక్షి కనిపెట్టిందే 'చిరునామా తెర'. అప్పటికి అందరూ కళ్లద్దాల్లోనే పేజీలు చదువుతున్నారు. ఆ అద్దాలు కంటిపాప కదలికను బట్టి చదివేవాడి 'ఆశాంకం' కొలుస్తాయి. అంటే ఈ పేజీ నుంచి వాడికి ఏదైనా కావాలా, వద్దా అన్న లెక్క. కావాలనుకునేవాడికి చిరునామా ఉన్నచోట తెల్లటి గీత కనిపిస్తుంది. ఏమీ కోరనివాడికి చిరునామా కనిపిస్తుంది. ఏడాదిలో దేశమంతా ఆ తెర వేసుకుంది. స్పామ్ ఆగిపోయింది.

ఆ తెర మొదలైన రోజునే ఆమె స్నేహితురాలు గ్లోరీ భర్తను సమాధి చేశారు. ఇద్దరూ పద్దెనిమిదేళ్లు ఒకే ల్యాబ్‌లో పనిచేశారు, ఒకే డబ్బాలో తిన్నారు. వారిజాక్షి ప్రారంభోత్సవానికి వెళ్లింది, సమాధికి వెళ్లలేదు. గ్లోరీ ఊరూ చిరునామా మార్చుకుని వెళ్లిపోయింది. అది జరిగి తొమ్మిదేళ్లు.

"తుమ్మెదా," అంది వారిజాక్షి ఒక ఉదయం పూజ ముగించి, హారతి పళ్లెం పక్కన పెడుతూ. తుమ్మెద ఆమె ఇంటి యంత్రం. "నా పెట్టె పాడైందేమో చూడవే. తొమ్మిదేళ్లుగా ఒక్క ఉత్తరమైనా రాలేదు."

"పెట్టె బాగానే ఉంది అమ్మగారూ. మీ పేజీకి రెండు వేల పైచిలుకు మంది వచ్చారు. చిరునామా పదహారు మందికి కనిపించింది."

"మరి ఆ పదహారు మందీ రాయలేదేం?"

"వాళ్లకు మీతో ఏ పనీ లేదు కదండీ. అందుకే కనిపించింది."

వారిజాక్షి కుర్చీలో కూలబడింది. ఇంత చిన్న విషయం తనకెలా తట్టలేదు?

"కనిపించనివాళ్లలో ఎక్కువసార్లు వచ్చిందెవరు?"

"మన ల్యాబ్ పాత అద్దాల జత ఒకటి. నలభై ఒక్కసార్లు. గ్లోరీ గారిది."

"దానికి నా దగ్గర ఏం కావాలిట?"

"అది తెర కొలవదండీ. కావాలన్నంతవరకే కొలుస్తుంది. చివరిసారి పోయిన డిసెంబరులో వచ్చారు. పద్నాలుగు నిమిషాలు ఆ తెల్లగీతనే చూశారు."

"దాని పేజీ తెరువు."

తెరిచింది. గ్లోరీ ఫొటో, కింద పేరు, ఆ కింద తెల్లటి గీత. తెర తను చేసిందే.

వారిజాక్షి కళ్లు మూసుకుని విష్ణు నామాలు చెప్పుకుంది. మనసు నిలిచిందనుకున్నాక కళ్లు తెరిచింది. గీత. మళ్లీ మూసుకుంది. మళ్లీ గీతే.

"అమ్మగారూ, ఇందాకటి కన్నా మీ ఆశాంకం పెరిగింది."

"నోర్ముయ్యి. గ్లోరీ అద్దాల జత ఒక్కదానికీ నా పేజీ మీది తెర మినహాయించలేవా?"

"మినహాయింపు పెడితే కంపెనీలు ఆ సందులోంచే దూరతాయని మీరే వద్దన్నారు. ఉంటే తెర అందరికీ ఉండాలి, తీస్తే అందరికీ తీయాలి."

పూజగదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె అటు చూసింది. ఇందాకే ఆ స్వామి ముందు నిలబడి ఆరోగ్యం అడిగింది, గ్లోరీ నుంచి కబురు అడిగింది. నిన్నా అడిగింది. ఏమీ అడగని రోజు ఒక్కటైనా ఉందా? అడగడానికి వచ్చిందని ఆయన ఏనాడైనా తలుపు వేసుకున్నాడా? అడిగేవాళ్లంతా దొంగలేనని తనకు చెప్పిందెవరు?

"తీసెయ్," అంది.

"గాలింపు యంత్రాలు కాచుకునే ఉన్నాయండీ. ఆలోచించుకున్నారా?"

"తీసెయ్యమన్నానా!"

తెర తొలగింది. ఆమె తన చిరునామాను పెద్ద అక్షరాల్లో, ఎట్ గుర్తుతో సహా రాసి పెట్టింది. కింద 'గ్లోరీ, తప్పు నాదే' అని చేర్చింది. గ్లోరీ ఇంకోసారి వస్తుందో రాదో ఆమెకు తెలియదు.

మధ్యాహ్నానికి మూడు వేల ఉత్తరాలు వచ్చి పడ్డాయి.

"అన్నీ చెత్తేనండీ. ఊడ్చెయ్యమంటారా?"

"వద్దు. దాని ఉత్తరం ఆ చెత్తలో కొట్టుకుపోతే? ఒక్కొక్కటే చదువు."

"మొదటిది ఎవరో నూనె అమ్మేవాళ్లు. 'అమ్మా, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?' అని మొదలుపెట్టారు."

వారిజాక్షి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"జవాబు రాయవే. కుడిది ఫరవాలేదు, ఎడమది మెట్లెక్కేటప్పుడు పట్టేస్తోందని రాయి."

"నూనె కావాలని రాయనా?"

"నూనె వద్దు. అడిగినందుకు సంతోషమని రాయి."