ఉప్పు బిస్కట్ల రంగు

ఆ రోజుల్లో చక్కెర జబ్బుకు అంకెలు చూపించే మిషన్లు ఇంటింటికీ ఎక్కడివి? రంగులే దిక్కు. నీలం వస్తే నిమ్మళం. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక ఎరుపు వచ్చిందా, ఇంటిల్లిపాదికీ గుబులే.

యాభై మూడులో, అబిడ్స్‌లో ఒక డాక్టరు గారి దగ్గర ఆ రంగులు చూసే పని శ్రీపతిది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచి రంగు చెప్పాలి. ఎవరికి ఏ రంగు వచ్చినా అతని నిద్ర చెడిందే లేదు, నళిని వచ్చేదాకా.

"ఏందండీ ఇది? మల్ల ఎర్రగనే అంటున్రు!" కాగితం చుట్టిన సీసా బల్ల మీద పెట్టి కస్సుమంది. "చక్కెర డబ్బాకు తాళమేసిన. చెవి నా కొంగుకే ఉన్నది. మీ మందే పాడైనట్టుంది."

"మందు మంచిగనే ఉన్నది. రంగు నేనేమన్న పూసిన్నా?"

"పూసినా పూస్తరు!"

నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కళ్లనిండా నీళ్లు. వాళ్ల నాన్న వామన్‌రావు నాంపల్లిలో లెక్కల మాస్టరు. కాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు. నెలలోపు రంగు దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు గారు చెప్పేశారు.

"చక్కెర ఒక్కటే కాదండీ. అన్నం గూడ లోపలికి పోయి చక్కెరే అయితది," అన్నాడు మెల్లగా. "ఆయన ఏం తిన్నరో దినాం రాసుకొని రాండ్రి. పక్కన రంగు నేను రాస్త."

అలా మొదలైంది ఆ నోటుపుస్తకం. వానలో తను తడిసినా పుస్తకాన్ని కొంగు చాటున పొడిగా తెచ్చేది. జొన్నరొట్టె, మెంతికూర తిన్నరోజు ఆకుపచ్చ. పెసర్ల గుగ్గిళ్లకు దాదాపు నీలం. కడుపునిండా అన్నానికి నారింజ. మొజంజాహీ మార్కెట్ సీతాఫలం ఒకే ఒక్కటి, ఇటుక ఎరుపు! "పాయసం చెంచాడు. నేనే పెట్టిన, పాపమనిపించి," అని కూడా దాచకుండా రాసింది పిచ్చిపిల్ల.

"సోమవారం, బేస్తవారం మాత్రం ఏం పెట్టినా ఎరుపే," అంది ఒక సాయంత్రం. "ఆ రెండు దినాలు ఏమైతున్నట్టు?"

శ్రీపతికి అప్పుడు వెలిగింది. ఆ రెండు రోజులూ మాస్టరు కట్టు కట్టించుకోవడానికి వస్తాడు. చేయి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టేది తనే. దారిలో నాంపల్లి హోటల్లో చక్కెర లేకుండా చాయ్, ఉప్పు బిస్కట్లు. ఉప్పువే కదా అనుకున్నాడు! అదంతా మైదా అని రంగులు చూసేవాడికే తట్టలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ చెంచాడు పాయసం కూడా రాసిన మనిషి ఎదురుగా ఉంది.

"నేనే తినిపించిన. బిస్కట్లు."

"మీరా! ఎందుకు?"

"సార్ మీ ముచ్చట్లు చెప్తుంటే ఇనబుద్ధయింది. చాయ్ అయిపోతే లేస్తరని బిస్కట్లు తెప్పించిన."

ఆమె మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. పుస్తకం లాక్కుని, గొడుగు మరిచిపోయి, వానలోనే వెళ్లిపోయింది.

ఆ తర్వాత సీసా పనిమనిషి చేత వచ్చేది. రంగు చీటీ మీద రాసి ఆమె చేతికే ఇచ్చేవాడు. మాస్టరు రిక్షాలో వచ్చి రిక్షాలోనే వెళ్లేవాడు. రంగు రోజురోజుకూ దిగుతుంటే శ్రీపతికి సంతోషమే, ఏడుపూ అదే. మూలనున్న గొడుగును చూస్తూ పనిచేసుకునేవాడు.

పన్నెండో రోజు మాస్టరే సీసా పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. కాచిన మందు రంగు మారనే లేదు.

"నీలం, సార్! సాఫ్ నీలం!"

"పుండు గూడ ఎండింది. ఏలు తీసే పని లేదన్నరు డాక్టరు సాబ్," అని మాస్టరు నోటుపుస్తకం ముందుకు తోశాడు. "జర గిది చూడు. గీ లెక్క నాక్కూడ మొన్ననే సమజైంది."

రేపటి తారీకు. నళిని చేతిరాత: "సాయంత్రం. శ్రీపతి గారు వస్తరు. చక్కెర లేని చాయ్, ఏంచిన పల్లీలు. బిస్కట్లు బంద్."

కింద మాస్టరు రాత: "గొడుగు తేవాలె."

ఆ పుస్తకం ఇప్పటికీ శ్రీపతి, నళినిల బీరువాలో ఉంది. ప్రతి రోజుకూ పక్కన ఒక రంగు. ఆ ఒక్క సాయంత్రం పక్కన మాత్రం ఖాళీ. సీసా సంగతి ఆ రోజు ఇంట్లో ఎవరికీ గుర్తుకే రాలేదు.