కరెంటు పోయాక మోగిన బెల్లు

మీలో ఎంతమంది ఇంట్లో ఉండి కూడా లేనట్టు ఊపిరి బిగబట్టి, గుమ్మం బయట నిలబడ్డ మనిషిని వెనక్కి పంపించారు? చేతులెత్తక్కర్లేదు. నాది ముందే ఎత్తుతున్నాను.

ఆ రోజు అందరికీ సెలవు. అమ్మావాళ్లు పిన్ని ఇంటికి వెళ్లారు. ఇల్లు నాది, వంటిల్లు నాది. కాలేజీలో కలిసి డిబేట్లు చేసిన జట్టును మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. ఒకడు లాయరు. ఇప్పుడు ఓ పెద్ద వకీలు దగ్గర ఫైళ్లు మోస్తున్నాడు. ఇంకొకడు బావ. వాడు ఎవరికీ బావ కాదు. అందరి కంచాల్లోంచి అంత చొరవగా తింటాడని ఆ పేరు పెట్టాం.

జట్టులో ఇంకో మనిషుంది. గంటమ్మ. తను వాదించేది కాదు, టైము చూసేది. స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒకసారి కొట్టిందంటే ముగించమని. రెండుసార్లు కొట్టిందంటే ఇక నోరు మూసుకోమని. భోజనాల దగ్గర కూడా అంతే. నేను గొప్పలు మొదలుపెట్టగానే ఎదుటి నుంచి టింగ్.

గంటమ్మను పిలవలేదు.

ఈమధ్యే వాళ్ల నాన్న పోయాడు. అప్పట్నుంచి ఏ మాట మొదలెట్టినా చివరికి ఆయన దగ్గరికే వచ్చి ఆగుతుంది. "తనకి చెప్పకపోతే ఏం బాగుంటుందే?" అన్నాడు లాయరు. "సెలవు రోజు కూడా సంతాప సభ పెట్టుకుందామా? మనం నవ్వుతుంటే తనకే కదా ఇబ్బంది?" అన్నాను. తన మంచికే అన్నట్టు చెప్పాను. వాడు సరేనన్నాడు. వాదన గెలవడం నాకు అలవాటే.

ఆ పొద్దున కూర కలుపుతుంటే గంటమ్మే ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే? అమ్మ డ్యూటీకి వెళ్లింది. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా. నీ దగ్గరికి వచ్చేదా?"

"నేను ఇంట్లో లేనే. పిన్ని వాళ్లింట్లో ఉన్నా."

గరిటె గిన్నెకి తగిలింది. ఆ చప్పుడు తనకి వినబడే ఉంటుంది. చప్పుళ్లు వినడమే కదా తన పని.

"సరేలే," అంది. అంతే.

మేం తినడం మొదలెట్టేసరికి మబ్బు కమ్మింది. కాసేపటికి వాన, ఆ వెంటనే కరెంటు పోయింది. పట్టపగలే గది బూడిదరంగుకు తిరిగింది. కిటికీలోంచి తడి మట్టి వాసన, కంచాల్లోంచి మసాలా వాసన. ఫ్యాను చివరిసారి గిర్రున తిరిగి ఆగాక ఇంట్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. "చీకట్లో తింటే ఎంత తిన్నానో నాకే తెలీదు, భలే ఉంది," అన్నాడు బావ, నా కంచంలో ముక్క తీసుకుంటూ. పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం.

అప్పుడు బెల్లు మోగింది.

మా బెల్లు పిట్టలా కూస్తుంది. ఒక కూత. కాసేపు ఆగి ఇంకోటి. నేను పిల్లిలా నడిచి తలుపు కన్నంలోంచి చూశాను. గంటమ్మ. జుట్టు ముఖానికి అతుక్కుపోయి ఉంది. తల వంచుకుని ఉంది.

వెనక్కి వచ్చి పెదవుల మీద వేలు పెట్టాను. "గంటమ్మే. ఎవ్వరూ కదలకండి."

"వానలో వచ్చిందే పాపం..." లాయరు గొణిగాడు.

"ఇప్పుడు తీస్తే నా అబద్ధం బయటపడదా? ఇంకాసేపట్లో తనే వెళ్లిపోతుంది."

బావకి నవ్వాగక దిండులో ముఖం దాచుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. నిజం చెప్తున్నా, వచ్చింది.

పిట్ట మళ్లీ కూసింది. మళ్లీ... మళ్లీ...

లాయరు నా మణికట్టు పట్టుకున్నాడు.

"కరెంటు లేదు కదే."

"అయితే?"

"మరి బెల్లు ఎలా మోగుతోంది?"

బావ దిండు కింద పెట్టాడు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. పైన ఫ్యాను కదలకుండా ఉంది. బయట పిట్ట కూస్తూనే ఉంది. అప్పుడైనా లేచి తీయొచ్చు. తలుపు నాలుగడుగుల దూరం కూడా లేదు. లేవలేదు. మొదట అబద్ధానికి, ఇప్పుడు భయానికి.

బెల్లు ఆగింది.

వానా ఆగినట్టనిపించింది. ముగ్గురం హాల్లోనే ఉన్నాం. ముగ్గురి చేతులూ ఒకరివి ఒకరికి కనబడుతున్నాయి.

వంటింట్లోంచి... టింగ్.

ఒకసారే.

ఎలా వెళ్లానో తెలియదు. కడిగి బోర్లించిన గ్లాసు నిలబెట్టి ఉంది. పక్కనే చెంచా, తడిగా. గ్లాసు ఇంకా సన్నగా మోగుతోంది. వేలు పెట్టాను. ఆగింది.

నా ఫోన్ మోగింది. గంటమ్మ వాళ్లమ్మ. ఆవిడ ఆసుపత్రిలో నర్సు.

"తల్లీ, అది నీ దగ్గరికే బయల్దేరింది. నువ్వు లేకపోయినా నీ గుమ్మంలో కూర్చుంటానంది. మీ సందు మలుపులో బండి జారింది. ఇక్కడికి తీసుకొచ్చి చాలాసేపైంది. ఇంకా కళ్లు తెరవలేదు..."

చాలాసేపైంది. అంటే తనని ఆసుపత్రికి తెచ్చేసరికి మా బెల్లు ఇంకా మోగనే లేదు.

ఆసుపత్రిలో ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు ఇంట్లో ఉండుంటే నువ్వే ఎదురెళ్లి దాన్ని తీసుకెళ్లేదానివి కదమ్మా," అంది. నన్ను ఓదార్చడానికే అంది. ఇంత నోరున్నదాన్ని, నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు.

"అవునాంటీ. లేను. ఉండుంటే..."

మంచం పక్క ఇనుప కమ్మీ మోగింది. టింగ్. ఆవిడ తల తిప్పి చూసింది. గంటమ్మ కళ్లు మూసే ఉన్నాయి. రెండు చేతులూ వేళ్ల చివరిదాకా కట్లలో ఉన్నాయి.

ఇప్పటికీ గంటమ్మ లేవలేదు. ఇప్పటికీ వాళ్లమ్మకి నేను చెప్పలేదు. రోజూ వెళ్తాను, రోజూ ఏదో చెప్తాను, రోజూ ఆ కమ్మీ ఒకసారి మోగుతుంది. రెండోసారి ఎప్పుడు మోగుతుందోనని వింటూ కూర్చుంటాను. మోగితే ఆగిపోవాల్సింది నా నోరా, తన ఊపిరా... అది తెలియడం లేదు.

ఇంతసేపు విన్నారు కదా, ఒక్క పని చేయండి. భోజనానికి మీరు పిలవని మనిషెవరో మీకు తెలుసు. లేవండి. ఫోన్ చేయండి. నేను నిజం చెప్పడానికి వాళ్లమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఈలోపు మీ ఇంటి బెల్లు మోగితే, కరెంటు ఉందో లేదో చూడకండి. తలుపు తీయండి.